108 బండిలో ఏముంటుంది, ఇంటి దగ్గరే ఏం చేస్తారు? బెజవాడ, గుంటూరు జనం తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో, కాలేజీల్లో సీపీఆర్ నేర్పడానికి వెళ్తుంటాను. బొమ్మ మీద ఛాతీ నొక్కడం నేర్పేది అరగంటే, ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలే. కొన్నేళ్ళు అంబులెన్సులో ఈఎంటీగా, అంటే పేషెంట్ పక్కన ఉండే టెక్నీషియన్‌గా పనిచేశాను కాబట్టి చాలావాటికి నాకు తెలిసిన సమాధానం చెప్తాను. మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒకచోట రాసి పెడితే ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించుకోవచ్చని ఇది రాస్తున్నాను. ఇందులో మందుల పేర్లు కొన్ని వస్తాయి, అవి మీరు సొంతంగా వేసుకోవడానికి కాదు. వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మీకు అర్థం కావాలని చెప్తున్నాను.

108లో వచ్చేది డాక్టరా?

కాదు. ఇద్దరు వస్తారు. బండి నడిపేవారిని పైలట్ అంటారు. వెనక పేషెంట్ దగ్గర ఉండేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. బయటి దేశాల్లో పారామెడిక్ అంటే అచ్చంగా అంబులెన్సులో వైద్యం చేసేవాళ్ళే, మన దగ్గరేమో ల్యాబ్ టెక్నీషియన్ నుంచి ఎక్స్‌రే తీసే ఆయన దాకా అందరూ పారామెడికల్ సిబ్బందే, అందుకే ఆ మాట వింటే జనానికి అంబులెన్స్ గుర్తుకు రాదు. డాక్టర్ కూడా ఉంటారు, కాకపోతే కాల్ సెంటర్లో, ఫోన్ అవతల. ఈఎంటీ బీపీ, పల్స్, ఈసీజీ చూసి చెప్తే ఆయన ఏ మందు ఎంత ఇవ్వాలో చెప్తారు. మీ ఇంట్లో పేషెంట్ పక్కన కూర్చుని ఈఎంటీ ఫోన్ మాట్లాడుతుంటే కాలక్షేపం అనుకోకండి, చాలాసార్లు అది డాక్టర్ ఆర్డర్ తీసుకోవడమే.

ఈ సర్వీసు మన దగ్గర మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో. 2020 జులై 1న బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 బండ్లు వెయ్యికి పైగా ఒకేసారి బారులు తీరి బయల్దేరడం చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తారు. 108కి డబ్బులేమీ కట్టక్కర్లేదు.

బండి వచ్చి పది నిమిషాలైనా కదలదు, ఎందుకు? దగ్గర్లోనే ఆసుపత్రి ఉంది కదా?

అందరూ అడిగేది ఇదే, కోపంగా అడిగేది కూడా ఇదే. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

సింగ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. యాభై ఏళ్ళాయన సోఫాలోంచి కింద పడిపోయాడు. మేం వెళ్ళేసరికి ఊపిరి లేదు, మెడ దగ్గర పల్స్ లేదు. హాల్లో టీపాయ్ పక్కకు లాగి, అక్కడే నేల మీద ఛాతీ నొక్కడం మొదలుపెట్టాం. ఆయన తమ్ముడు నా చొక్కా పట్టుకుని "బాబూ, నీకు దండం పెడతా, ముందు బండెక్కించు" అని ఏడుస్తున్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ క్షణంలో స్ట్రెచర్ మీద వేసి మెట్లు దించామంటే ఆ రెండు మూడు నిమిషాలు గుండె మీద చేయి ఉండదు, మెదడుకి రక్తం వెళ్ళదు. కదిలే బండిలో నొక్కినా సరిగ్గా నొక్కలేం, మలుపు తిరిగితే మనమే పక్కకి తూలిపోతాం. గుండె ఆగిన మనిషికి కావలసినవి మూడే: ఆగకుండా ఛాతీ నొక్కడం, షాక్, గాలి. ఆ మూడూ మేం మెట్లెక్కి మోసుకెళ్ళిన సంచిలో ఉన్నాయి. మూడో షాక్‌కి పల్స్ తిరిగొచ్చింది. అప్పుడు దించాం.

అలాగని అన్నిటికీ అక్కడే కూర్చోరు. కొన్నిటికి వైద్యం బండిలోనే ఉంది: గుండె ఆగడం, షుగర్ పడిపోవడం, ఫిట్స్, ఆయాసం, ఎండదెబ్బ, ఊపిరి ఆడకపోవడం. వీటికి ముందు వైద్యం, తర్వాత ప్రయాణం. ఇంకొన్నిటికి వైద్యం ఆసుపత్రిలోనే ఉంది: కడుపులో రక్తస్రావం, పక్షవాతం, తలకి పెద్ద దెబ్బ. వీటికి ఊపిరి, రక్తం చూసుకుని వెంటనే కదలాలి. ఏది ఏ రకమో మొదటి రెండు నిమిషాల్లో తేల్చుకోవడమే ఈఎంటీకి అసలు పరీక్ష, అందులో బండిలోని యంత్రాలన్నీ సాయం చేస్తాయి.

సినిమాల్లో చూపించే ఆ షాక్ మెషిన్ నిజంగా ఆగిన గుండెని కొట్టుకునేలా చేస్తుందా?

పూర్తిగా ఆగి గీత తిన్నగా వస్తుంటే షాక్ పనిచేయదు. అప్పుడు ఛాతీ నొక్కడం, ఎడ్రినలిన్ ఇంజెక్షన్, అంతే. షాక్ పనిచేసేది గుండె కొట్టుకోకుండా గజగజ వణుకుతున్నప్పుడు. కరెంటు ఆ వణుకుని ఒక్కసారి ఆపేస్తుంది, తర్వాత గుండె తన లయ తను అందుకుంటుంది. ఆ వణుకు మొదలయ్యాక షాక్ లేకుండా, సీపీఆర్ కూడా లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అంటే పది నిమిషాల తర్వాత పెద్దగా ఏమీ మిగలదు.

ఈ యంత్రాన్ని ఆసుపత్రి బయటికి తెచ్చింది ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కి చెందిన డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్, 1965లో. కారు బ్యాటరీలతో నడిచేది, బరువు 70 కిలోలు. ఇప్పుడు భుజానికి తగిలించుకుని మెట్లెక్కేస్తున్నాం.

షాక్ ఇవ్వడానికి ఛాతీకి రెండు ప్యాడ్లు అంటిస్తారు, అందులో చిన్న చిన్న విషయాలే ప్రాణం మీదకి తెస్తాయి. కుడి కాలర్ ఎముక కింద ఒకటి, ఎడమ చంక కింద పక్కటెముకల మీద ఒకటి. చెమటతో ఛాతీ తడిగా ఉంటే ప్యాడ్ అంటదు, తువ్వాలుతో గట్టిగా తుడవాలి. వెంట్రుకలు దట్టంగా ఉంటే రేజర్‌తో గీసేయాలి. ఆడవాళ్ళకి జాకెట్ కత్తిరించాల్సి వస్తుంది, తాళి, నల్లపూసలు పక్కకి జరపాల్సి వస్తుంది. ఆ టైమ్‌లో తాళి ముట్టుకున్నారని గొడవపడిన ఇళ్ళున్నాయి. దయచేసి వద్దు. తీయరు, ప్యాడ్ కిందకి రాకుండా పక్కకి జరుపుతారంతే.

మా అపార్ట్‌మెంట్‌లో ఏఈడీ పెట్టుకోవచ్చా?

ఏఈడీ అంటే ఎవరైనా వాడగలిగే ఆటోమేటిక్ షాక్ మెషిన్. పెట్టుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఎక్కువున్న చోట. అది తనే మాట్లాడుతుంది, షాక్ అవసరమో కాదో తనే తేల్చుకుంటుంది, అవసరం లేనివాళ్ళకి ఇవ్వదు. అసోసియేషన్ ఆఫీసులో తాళం వేసి దాచొద్దు, వాచ్‌మన్‌కి చూపించండి. బ్యాటరీకీ ప్యాడ్లకీ ఎక్స్‌పైరీ ఉంటుంది, మన ఎండలకి ప్యాడ్ మీది జెల్ తొందరగా ఎండిపోతుంది, కాబట్టి లిఫ్ట్ పక్కన నీడలో పెట్టుకోండి.

గుండెనొప్పి వస్తే 108లో ఏం చేస్తారు? సార్బిట్రేట్ నాలుక కింద పెట్టమంటారుగా?

ముందు ఈసీజీ. పెద్ద బండ్లలో 12 లీడ్ల ఈసీజీ ఉంటుంది, ఛాతీ మీద ఆరు, కాళ్ళూ చేతులకి నాలుగు అంటిస్తారు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందా అన్నది ఆ కాగితం చెప్తుంది. దాన్ని ఫోటో తీసి కార్డియాలజిస్టుకి పంపితే, మనం ఇంకా వారధి దాటకముందే అవతల స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్ సిద్ధం చేసుకోవచ్చు. నా దృష్టిలో అంబులెన్సులోకి వచ్చిన మార్పులన్నిటిలో పెద్దది ఇదే, ఎందుకంటే క్యాజువాలిటీకి చేరాక ఈసీజీ, తర్వాత డాక్టర్‌కి ఫోన్, తర్వాత ఆయన రావడం, ఇలా పోయే టైమంతా రోడ్డు మీదే అయిపోతుంది.

స్టెంట్ వేసే ఆసుపత్రి రెండు గంటల్లోపు అందదనుకుంటే రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ముందుగా ఇస్తారు. రాష్ట్రంలో స్టెమీ (రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చే గుండెపోటు) కార్యక్రమం కింద ఏరియా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి కార్డియాలజిస్టు ఫోన్లో చూసి చెప్పాక, టెనెక్టిప్లేస్ అనే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. రేపల్లెలోనో తిరువూరులోనో ఉన్నవాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. కాబట్టి 108 వాళ్ళు "ముందు ఇక్కడి ఆసుపత్రికి వెళ్దాం" అంటే, నేరుగా బెజవాడ తీసుకెళ్ళమని పట్టుబట్టకండి.

సార్బిట్రేట్ సంగతి జాగ్రత్తగా వినండి. అది బీపీని దించేస్తుంది. గుండెపోటు గుండె కుడి భాగానికి వచ్చినా, బీపీ అప్పటికే తక్కువున్నా, ఆ మనిషి మగతనానికి వాడే మాత్ర వేసుకుని ఉన్నా, నాలుక కింద పెట్టిన ఆ చిన్న మాత్రతో మనిషి అక్కడికక్కడే పడిపోవచ్చు. పక్కింటివాళ్ళ పర్సులోంచి తెచ్చి పెట్టొద్దు. ఆస్పిరిన్ వేరు. దానికి ఎలర్జీ, రక్తస్రావం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల దాకా నమిలి మింగమంటారు, అది కూడా 108 వాళ్ళని ఫోన్లో అడిగి వేయండి. ఇంకో మాట, మెట్లు నడిపించి దించకండి.

వేలికి పెట్టే క్లిప్‌లో 98 చూపిస్తే అంతా బాగున్నట్టేనా?

కాదు. అది ఎర్రకాంతి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి రెండూ వేలిలోంచి పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కకడుతుంది. చేతులు చల్లబడి రక్తం ఆడకపోతే తప్పు చూపిస్తుంది. గోళ్ళకి ముదురు రంగు పాలిష్ ఉన్నా, నల్లగా పండిన గోరింటాకున్నా అంతే, అప్పుడు మేం చెవి తమ్మెకి పెడతాం. మూసేసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ పొగ పీల్చినవాళ్ళకి ప్రాణం పోతున్నా 99 చూపిస్తుంది, ఎందుకంటే ఆ కాంతికి కార్బన్ మోనాక్సైడ్‌కీ ఆక్సిజన్‌కీ తేడా తెలియదు. అంకె చూడండి, మనిషిని ఇంకా ఎక్కువ చూడండి.

ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేస్తారట, అది సరిగ్గా పడిందని కదిలే బండిలో ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న, ఒక నర్సింగ్ విద్యార్థిని అడిగింది. గొంతులో రెండు దారులుంటాయి, ఒకటి ఊపిరితిత్తులకి, ఒకటి పొట్టకి. గొట్టం పొట్టలోకి వెళ్తే మనం ఎంత గాలి కొట్టినా వృథా. స్టెతస్కోప్‌తో వినొచ్చు కానీ సైరన్ మోతలో, జాతీయ రహదారి గుంతల్లో ఏం వినపడుతుంది? అందుకే క్యాప్నోగ్రఫీ. బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచి స్క్రీన్ మీద మెట్టులాంటి గీత గీస్తుంది. మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉంటుంది. గొట్టం తప్పుదారిలో ఉంటే గీత నేలకి పడిపోతుంది. సీపీఆర్ చేస్తుండగా ఆ అంకె ఉన్నట్టుండి పైకి లేచిందంటే గుండె మళ్ళీ మొదలైందన్న మాట. ఛాతీ నొక్కి నొక్కి చేతులు లాగేస్తున్నప్పుడు ఆ గీత లేవడం చూస్తే కలిగే ధైర్యం అంతా ఇంతా కాదు.

మన బండ్లలో చాలావరకు ఐ-జెల్ లాంటి మెత్తటి పరికరం వాడతారు. దాన్ని శ్వాసనాళం లోపలికి పంపక్కర్లేదు, గొంతు మీద కూర్చుంటుంది, సెకన్లలో పడుతుంది.

మా అమ్మకి మూతి వంకర పోయి మాట తడబడితే పక్షవాతమేనా? బండిలోనే ఇంజెక్షన్ ఇస్తారా?

ఇవ్వరు, ఇవ్వకూడదు. పక్షవాతం మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిందో, నరం చిట్లి వచ్చిందో సీటీ స్కాన్ లేకుండా ఎవరూ చెప్పలేరు. గడ్డ కరిగించే మందు చిట్లిన మెదడుకి ఇస్తే ఇంకా రక్తం కారుతుంది. అందుకే జర్మనీలో 2008లో అంబులెన్సులోనే సీటీ స్కానర్ పెట్టేశారు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అస్సాంలో అలాంటి బండ్లు నడిపి చూసింది. ఇక్కడ అది లేనప్పుడు మనం చేయగలిగింది టైమ్ కాపాడుకోవడం. ఆ ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు, లెక్క మొదలయ్యేది మనిషి చివరిసారి మామూలుగా కనిపించినప్పటి నుంచి. "పొద్దున లేచేసరికే ఇలా ఉంది" అంటే రాత్రి పడుకున్నప్పటి టైమ్ చెప్పండి.

కానీ 108 వాళ్ళు వేలు గుచ్చి షుగర్ చూసేదాకా బండి కదలనివ్వకండి, అర నిమిషం పని. సత్యనారాయణపురంలో ఒక మామ్మగారు. ఒక చేయి లేవడం లేదు, మాట ముద్దముద్దగా ఉంది, ఇంట్లోవాళ్ళు పక్షవాతమని స్కాన్ ఎక్కడ బాగుంటుందో వెతికేస్తున్నారు. గ్లూకోమీటర్ 38 చూపించింది. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని, ఏకాదశని ఏమీ తినలేదు. చేతికి నరం దొరకడానికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది, డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్ ఎక్కిస్తుంటే సీసా సగం కాకముందే కళ్ళు తెరిచి, చుట్టూ జనాన్ని చూసి, కొంగు సర్దుకుని, "ఎవరమ్మా వీళ్ళంతా?" అంది. ఆ తర్వాత కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎందుకంటే మాత్ర ఒంట్లో ఇంకా ఉంటుంది, షుగర్ మళ్ళీ పడిపోతుంది.

ఎండదెబ్బకి?

మే నెల బెజవాడ ఎండ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒళ్ళు కాలిపోతూ, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. ఇది ముందు చల్లార్చి తర్వాత తీసుకెళ్ళాల్సిన జబ్బు. నీడకి చేర్చండి, బట్టలు వదులు చేయండి, ఒంటి మీద నీళ్ళు పోసి ఫ్యాన్ పెట్టండి, మెడకి, చంకల్లో, గజ్జల్లో ఐసు గడ్డలు గుడ్డలో చుట్టి పెట్టండి. 108 వాళ్ళు వచ్చి సెలైన్ పెట్టి అదే పని కొనసాగిస్తారు. పారాసెటమాల్ దీనికి పనిచేయదు. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు.

పురుగుమందు తాగినవాళ్ళకి దారిలో ఏం చేయగలరు?

గుంటూరు పల్లెల్లో, పత్తి మిర్చి చేలున్న చోట, ఇది ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు.

మోనోక్రోటోఫాస్ లాంటి మందులైతే కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోటివెంట నురగ, ఛాతీలో గురగుర. మనిషి తన ఊటలోనే మునిగిపోతున్నట్టు. ముందు సక్షన్ మెషిన్‌తో ఆ నురగ లాగేయాలి, తర్వాత గాలి. అట్రోపిన్ ఇంజెక్షన్ డాక్టర్ చెప్పినట్టు మొదలుపెట్టి, ఐదేసి నిమిషాలకి చూసుకుంటూ, ఛాతీ తేటపడేదాకా డోసు పెంచుకుంటూ పోతారు. అది దారిలోనే మొదలవడం, ఆసుపత్రికి చేరాక మొదలవడం, ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ఇంట్లోవాళ్ళు చేయాల్సింది: వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించొద్దు, మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్ళు కడగండి, మీ చేతులకి కవరు తొడుక్కుని. ఖాళీ డబ్బా తప్పకుండా తీసుకురండి, లేకపోతే లేబుల్ ఫోటో తీయండి. ఎందుకంటే తాగింది పారాక్వాట్ అనే గడ్డిమందైతే లెక్క మారిపోతుంది, దానికి అనవసరంగా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. ఏం తాగారో దాచకండి, పోలీసు కేసు భయంతో "ఏదో తిన్నాడు" అని చెప్పకండి. మనసు బాగోలేదని ఎవరైనా అంటుంటే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్ చేయించండి.

పాము కరిస్తే విషానికి ఇంజెక్షన్ అంబులెన్సులో ఉంటుందా?

ఆ ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఇస్తారు, రియాక్షన్ వస్తే చూసుకోవాలి కాబట్టి. మన దగ్గర దొరికేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి పనిచేస్తుంది, అందుకని పాముని చంపి పట్టుకురావాల్సిన పనిలేదు. బండిలో ఉన్నది ఊపిరి. కట్లపాము రాత్రి పూట నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగుతుంది. అప్పుడు చేత్తో నొక్కే ఆంబూ బ్యాగ్‌తో ఆసుపత్రి దాకా గాలి కొడుతూ పోతే మనిషి బతుకుతాడు. మంత్రం వేయించడానికి వెళ్ళిన గంటలోనే చాలామంది ఊపిరి పోయింది. కట్టు బిగించొద్దు, కోయొద్దు, కరిచిన కాలు కదపనివ్వొద్దు.

రోడ్డు ప్రమాదంలో మేం ముందుగా చేరితే?

రక్తం చిమ్ముతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి రెండు చేతులతో బలంగా నొక్కి పట్టుకోండి, మధ్యలో తీసి చూడకండి. తల, మెడ కదపకండి. లేపి కూర్చోబెట్టి సోడా తాగించడం మన రోడ్ల మీద ఇంకా చూస్తున్నాను, వద్దు. 108 వాళ్ళ దగ్గర మెడకి కాలర్, రెండు ముక్కలుగా విడిపోయి మనిషి కిందకి రెండు పక్కల నుంచీ దూరే స్కూప్ స్ట్రెచర్, కాలు చేతుల రక్తం ఆపే టూర్నికే ఉంటాయి. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవకైన ఇంజెక్షన్ దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు పడితే రక్తస్రావంతో చనిపోయేవాళ్ళు తగ్గుతారు, డాక్టర్ చెబితే దారిలోనే ఇస్తారు. ఇక పోలీసుల భయం. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తుంది, మీ పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

కాన్పు దారిలోనే అయిపోతే?

అవుతూనే ఉంటాయి, కాన్పు కిట్ బండిలో ఉంటుంది. బిడ్డని తుడిచి తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి కప్పుతారు, అంతకన్నా మంచి వేడి పరికరం లేదు. బండి పక్కన ఆపారంటే భయపడకండి.

ప్రైవేట్ అంబులెన్స్ మాట్లాడుకునేటప్పుడు ఏం అడగాలి?

పైన నీలం లైటు, లోపల ఒక సిలిండర్ ఉన్న ప్రతి వ్యానూ అంబులెన్స్ కాదు. ఏఐఎస్ 125 అని మన దేశంలో అంబులెన్సులకి ప్రమాణముంది, అందులో ఏ అంటే ముందుగా చేరే బైకుల్లాంటివి, బీ పేషెంట్‌ని చేరవేసేవి, సీ బేసిక్ లైఫ్ సపోర్ట్, డీ అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. వెంటిలేటర్ మీదున్న మనిషిని బీ రకంలో ఎక్కించొద్దు. వెనక కూర్చునేది ఎవరు, మానిటర్ ఆన్ చేసి చూపించు అని అడగండి. మా బంధువు ఒకాయన్ని హైదరాబాద్ మారుస్తున్నప్పుడు ఒక బండివాళ్ళు ఫుల్ సిలిండర్ ఉందన్నారు, సూర్యాపేట దాటాక మీటర్ ముల్లు కిందకి వచ్చేసింది, దారిలో ఒక ఆసుపత్రి దగ్గర ఆపి బతిమాలి ఇంకోటి తెచ్చుకున్నాం.

లెక్క మీరే వేసుకోవచ్చు. చిన్న బీ టైప్ సిలిండర్‌లో నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. బెజవాడ నుంచి హైదరాబాద్ ఐదు గంటలు. ట్రాఫిక్‌కి కొంత కలుపుకుంటే మూడు చిన్నవి కావాలి, లేదా 7000 లీటర్ల పెద్ద డీ టైప్ ఒకటి. బండి ఎక్కేముందు ముల్లు చూడండి.

సైరన్ వేసినా ఎవరూ దారివ్వరు, దీనికి శిక్ష లేదా?

ఉంది, మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడితే ఎడమకి జరగండి చాలు, అంబులెన్స్ వెనకే దూసుకెళ్ళే బైకులు మాత్రం మానుకోవాలి.

మాది కొండ మీద ఇల్లు, బండి రాదు. ఫోన్ చేసి లాభమేంటి? చేస్తే ఏం చెప్పాలి?

గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద వందల మెట్ల పైన ఉంటున్నవాళ్ళు ఇది అడిగితే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్న న్యాయమైనది. బండి రాకపోయినా మనుషులు వస్తారు. మానిటర్, ఆక్సిజన్, మందుల సంచి భుజాన వేసుకుని పైకెక్కుతారు, వైద్యం పైనే మొదలవుతుంది. దించడానికి స్ట్రెచర్ కన్నా కుర్చీ మేలు, మలుపుల్లో తిరుగుతుంది, మూల మూలకి ఒక మనిషి పట్టుకుంటే మందపాటి దుప్పటి కూడా పనికొస్తుంది. అందుకని ఫోన్‌లోనే "మెట్లున్నాయి, నూట ఇరవై దాకా" అని చెప్పేయండి, వీధిలో నలుగురు కుర్రాళ్ళని ముందే పిలిచి ఉంచండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వీధుల్లో పడవల్లోనే మనుషుల్ని దాటించాల్సి వచ్చింది, అప్పుడు కూడా పనికొచ్చింది చేత్తో మోయగలిగే సామానే.

ఫోన్ ఎత్తగానే ముందు చోటు చెప్పండి, జబ్బు తర్వాత. లైన్ మధ్యలో కట్ అయినా బండి బయల్దేరుతుంది. డోర్ నంబరు కన్నా గుర్తు ముఖ్యం: ఏ గుడి, ఏ స్కూలు, ఏ టిఫిన్ సెంటర్ పక్క సందు. మనిషికి స్పృహ ఉందా, ఊపిరి ఉందా చెప్పండి. ఊపిరి లేకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకి నొక్కుతూ ఉండండి. పైలట్ తిరిగి ఫోన్ చేస్తాడు, ఆ నంబరుతో చుట్టాలకి కాల్స్ చేస్తూ బిజీగా ఉంచొద్దు. వాడే మందులన్నీ ఒక కవర్లో వేసి పెట్టండి. ఒకరు సందు చివర నిలబడండి, రాత్రయితే సెల్ లైటు ఊపండి. కుక్కని కట్టేయండి, గేటు ముందున్న బైకులు తీయించండి.